నాన్న జోకులు: ఇంట్లో ఏవి నిలుస్తాయి, ఏవి గుచ్చుకుంటాయి?

గంటస్తంభం (విజయనగరం)

నాన్న నవ్వించే మనిషైతే ఆ ఇల్లే వేరని అందరం అంటాం. ఎలా వేరో, ఎందుకు వేరో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అదే నాన్న సరదాకని అన్న ముక్క ఆడపిల్ల మనసులో ఏళ్ల తరబడి ఉండిపోవడమూ మన చుట్టూ చూస్తున్నదే.

మన ఈ చర్చా గుంపులో అంగన్‌వాడీ వాళ్లున్నారు, మాస్టార్లున్నారు, కథ చెప్పేవాళ్లున్నారు. అందుకే అడుగుతున్నా. ఏ వయసు పిల్లకి ఏ రకం హాస్యం అందుతుంది? మార్కుల దగ్గర జోకు వెయ్యొచ్చా? భార్యని నలుగురిలో ఆటపట్టించడం ఎక్కడిదాకా? ఊళ్లో లేని నాన్నలు ఫోన్లో ఏం చెయ్యగలరు? రేపు పొద్దున్నే ఇంట్లో వాడుకునేలా రాయండి. సొంత కథలు వద్దు, పనికొచ్చే వివరం కావాలి.

తోటపల్లి కాలువ

వయసు నుంచి మొదలెడతాను. సగం తప్పులు అక్కడే జరుగుతాయి. జోకు మంచిదే అయినా పిల్ల బుర్రకి ఇంకా అందదు, నాన్న చిన్నబుచ్చుకుంటాడు.

పుట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో బిడ్డ మనిషి మొహం చూసి నవ్వుతుంది. మూడు నాలుగు నెలలకి గొంతు విప్పి కిలకిలమంటుంది. ఈ వయసులో బిడ్డకి మాటలతో పనిలేదు, మొహం కావాలి. దోబూచి ఆడేటప్పుడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకటి రెండు సెకన్లు ఆగి తీస్తే ఆరు నెలల బిడ్డకి చాలు. ఏడాది బిడ్డకి ఇంకాస్త ఆలస్యం చెయ్యాలి. నాన్న తువ్వాలు వెనకే ఉన్నాడని దానికప్పటికి తెలుసు కాబట్టి ఎదురుచూడటంలోనే ఆనందం. బిడ్డ మొహం పక్కకి తిప్పినా, కళ్లు నులుముకున్నా ఆట చాలని అర్థం. మనవాళ్లు చాలామంది అప్పుడే ఇంకా గట్టిగా ఆడిస్తారు. అది ఏడుపుతో ముగుస్తుంది.

పసిబిడ్డని గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం మాత్రం మానేయండి. మెడ నిలవని బిడ్డ తల ఊగిపోతుంది, చెయ్యి జారితే అంతే సంగతులు. మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని, మెడ నిలిచిన తరవాత, నెమ్మదిగా గుర్రమాట ఆడించండి. అప్పుడూ అంతగానే నవ్వుతుంది.

ఏడాదిన్నర దాటాక వస్తువుని తప్పుగా వాడితే పిల్లలు పడిపడి నవ్వుతారు. చెప్పు తీసి చెవికి పెట్టుకుని "అలో, ఎవరండీ" అనాలి. రెండేళ్లకి తప్పు పేరు పెట్టడం పనిచేస్తుంది. పిల్లిని చూపించి "అదిగో ఆవు" అంటే "కాదు, పిల్లీ!" అని అరుస్తుంది. అయితే అసలు పేరు దానికి గట్టిగా వచ్చి ఉండాలి. రాకపోతే నవ్వదు, ఆవే అనుకుంటుంది. మూడు నుంచి అయిదేళ్ల లోపు అయ్యే పని కానిది చెప్పాలి. "మన ఆవు ఆటో ఎక్కి ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లిపోనాది, టికెట్టు కొనలేదట" అంటే చాలు. ఒక మాటకి రెండర్థాలుండే జోకులు, పొడుపు కథలు ఆరేడేళ్ల దగ్గర్నుంచే. ఈ వరసని పాల్ మెక్‌గీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో వివరించాడు. అంగన్‌వాడీలో పిల్లల్ని గమనించినా ఇంచుమించు ఇలాగే కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. అయిదేళ్లలోపు పిల్ల నోట్లో పల్లీ, జీడిపప్పు లాంటివి ఉండగా నవ్వించకూడదు. నవ్వులో ఊపిరి గట్టిగా లోపలికి లాగుతుంది, గింజ గాలిగొట్టంలోకి పోతుంది. పలాస జీడిపప్పు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి చెబుతున్నా. ఆ వయసుకి గుండు గింజలు ఇవ్వకపోవడమే మంచిది, పొడి చేసి పెట్టండి.

గుమ్మెట మాస్టారు (బొబ్బిలి)

పొడుపు కథ ఎలా వెయ్యాలో ఒక్కటి తీసుకుని చెబుతాను. "అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు. ఏటవి?" జవాబు పెదవులు. ఇది నాన్నే అడగాలి, అప్పుడే అందం.

అడిగాక నోరు మూసుకుని ఉండాలి. పిల్లడు "కళ్లు" అంటాడు, "చేతులు" అంటాడు. "కాదు" అని తుంచెయ్యకుండా "అమ్మ అను చూద్దాం" అనాలి. అంటాడు. "ఇప్పుడు నాన్న అను." అంటాడు. ఇంకా దొరక్కపోతే "అద్దం ముందు నిలబడి అను" అని పంపాలి. జవాబు అద్దంలో వాడికే కనబడుతుంది. ఆ కనబడిన క్షణంలో వచ్చే కేక కోసమే ఇదంతా. మనమే జవాబు చెప్పేస్తే ఆ కేక రాదు.

దొరికాక వాడు దాన్ని మామ్మ మీద, పక్కింటి వాళ్ల మీద, బడిలో టీచరు మీద ప్రయోగిస్తాడు. మర్నాడు మళ్లీ నాన్న దగ్గరికే వస్తాడు. అప్పుడు నాన్నకి తెలియనట్టు ఉండాలి. నాన్నకి తెలుసని వాడికీ తెలుసు. అయినా తల గోక్కుని "మోచేతులా?" అనే నాన్న కావాలి వాడికి. ఓడిపోవడానికి సిద్ధపడని నాన్న ఎంత చమత్కారి అయినా ఇంట్లో నవ్వు ఒకవైపే ఉండిపోతుంది.

ఈ సూత్రం బుర్రకథలో ఉంది. ముగ్గురుంటారు. తంబూరా పట్టుకున్న కథకుడు, గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. ఆ ఇద్దరిలో ఒకరు హాస్యం. హాస్యగాడు మొదట తనమీద తనే వేసుకుంటాడు, తరవాత కథకుణ్ణి అడ్డదిడ్డం ప్రశ్న అడుగుతాడు, ఆ తరవాతే ఊళ్లో సంగతి ఎత్తుతాడు. ముందు వరసలో కూర్చున్న బక్కమనిషి మీద ఎత్తీ ఎత్తగానే వేస్తే జనం నవ్వొచ్చేమో గానీ ఆ మనిషి లేచి వెళ్లిపోతాడు. కథలో వీరుడు పడిపోయే చోట వంత నోరెత్తడు. ఎక్కడ ఊరుకోవాలో తెలియడం సగం విద్య.

మన విజయనగరం హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు. హరికథ సాగుతుండగా జనం అలిసినట్టు కనిపిస్తే దాసులు పిట్టకథ ఎత్తుకుంటారు. అది అసలు కథకి ఆనుకుని ఉంటుంది, చెప్పి మళ్లీ దారిలోకి వచ్చేస్తారు. పిల్లకి లెక్కలు చెబుతున్న నాన్న చెయ్యాల్సిందీ అదే. పావుగంట చెప్పాక ఒక చిన్న సరదా మాట, మళ్లీ లెక్క. సరదా అరగంట నడిస్తే పుస్తకం మూతపడుతుంది.

ఏడు రోడ్ల జంక్షన్ (శ్రీకాకుళం)

మార్కుల సంగతి నేను రాస్తాను, హైస్కూలు పిల్లలతో రోజూ పని.

మార్కుల కాగితం చేతికొచ్చిన రోజు జోకు వద్దు. "కలెక్టరు గారూ, ఏటి సంగతి?" అనే నాన్నలు చాలామంది. నాన్న ఉద్దేశం వాతావరణం తేలిక చెయ్యడం. పిల్లకి వినబడేది "నువ్వెలాగూ అవ్వవు" అని. వ్యంగ్యం అర్థం కావడం పిల్లలకి అయిదారేళ్లకి మొదలవుతుంది. అందులో సరదా ఉందని పట్టుకోవడానికి ఇంకో రెండు మూడేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ మధ్యలో వాళ్లకి గొంతు వెటకారంగా ఉందని తెలుస్తుంది గానీ ప్రేమ కూడా ఉందని తెలియదు.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల దగ్గర చిక్కు వేరు. వాళ్లకి జోకు అర్థమవుతుంది, కానీ ఎవరు వింటున్నారన్నదే ముఖ్యం. ఇంట్లో నవ్విన మాటనే ట్యూషన్ గేటు దగ్గర స్నేహితుల ముందు అంటే ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడదు. మాట మారలేదు, వినేవాళ్లు మారారు. కాబట్టి స్నేహితుల ముందు పిల్ల మీద సున్నా జోకులు. నాన్న తనమీద తను వేసుకోవచ్చు, అదీ ఒకటే చాలు. ఆ స్నేహితుల్ని నవ్వించాలని నాన్న పోటీ పడుతున్నాడని పిల్లకి అనిపిస్తే ఇంకా సిగ్గు.

ఫలితాల దగ్గర వరస ఇలా ఉంటే బాగుంటుంది. ముందు వినాలి. ఏ సబ్జెక్టులో ఎందుకు తగ్గిందో పిల్ల నోటితో చెప్పాలి. తరవాత ఏం చెయ్యాలో ఒక పని తేల్చుకోవాలి. ఆ పని తేలాక నవ్వొచ్చు. అప్పుడు కూడా ఆ నవ్వు లెక్కల మీద, పుస్తకం మీద, నాన్న చదువుకున్న కాలం మీద ఉండాలి, పిల్ల తెలివి మీద కాదు. "ఈ త్రికోణమితి కనిపెట్టినోడికి ఇంట్లో పనేం లేదేటి" అంటే ఇద్దరూ ఒకే వైపు నిలబడినట్టు.

గంటస్తంభం

ముగ్గురికీ దండాలు. ఇంకొకటి. "నిన్ను తవుడుకి కొన్నాం" అనడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. అది కూడా మానాలంటారా? రంగు మీద, లావు మీద అనేవి?

తోటపల్లి కాలువ

తవుడు మాట ఎనిమిదేళ్ల పిల్లతో అంటే "ఎన్ని కేజీలు?" అని ఎదురు అడుగుతుంది, అందరూ నవ్వుతారు, నష్టం లేదు. నాలుగేళ్ల పిల్ల నమ్ముతుంది. అందులోనూ ఇంట్లో చెల్లో తమ్ముడో కొత్తగా పుట్టిన రోజుల్లో అంటే మరీ గట్టిగా నమ్ముతుంది. రాత్రి లేచి ఏడవడం, పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం కనిపిస్తే ఆ మాట ఎవరైనా అన్నారేమో ముందు కనుక్కోండి. దత్తత తెచ్చుకున్న పిల్ల ఉన్న ఇంట్లో, పక్కింట్లో కూడా, ఏ వయసులోనూ ఆ మాట రాకూడదు.

"పోలీసోడికి పట్టించేస్తా", "బూచోడికి ఇచ్చేస్తా" అనేవి నాన్న నవ్వుతూ అన్నా జోకుల కింద రావు. పిల్ల తప్పిపోయిన రోజు పోలీసు దగ్గరికే వెళ్లాలి కదా. ఆయన్ని చూసి దాక్కుంటుంది.

అరసవల్లి అప్ప

రంగు గురించి నేను రాస్తాను. "నల్లగుంట" అని ముద్దుగా పిలిచే నాన్నలున్నారు. ముద్దు నిజమే. ఇంట్లో ఆ పేరు స్థిరపడ్డాక బంధువులు వాడతారు, తరవాత వీధి వాడుతుంది, పెళ్లిచూపుల నాటికి అది బేరం అయిపోతుంది. నాన్న ముద్దు ఆ చివరిదాకా వెళ్లదు, పేరు మాత్రం వెళ్తుంది. పిల్ల మార్చుకోలేని దాని మీద వద్దు. రంగు, పొట్టి, పళ్లు, నత్తి, మొటిమలు, లావు, ఈడేరిన తరవాత ఒంట్లో వచ్చే మార్పులు. ఇది గట్టిగా పట్టుకోవాల్సిన గీత.

మన వైపు మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఇంకొకటి. అయిదేళ్ల గుంటని పట్టుకుని "నీ మొగుడొచ్చేడే" అని మేనబావని చూపించి నవ్వుతారు. పదకొండేళ్లకి అదే మాట ఆ పిల్లకి ఊపిరాడనివ్వదు. బావ వస్తున్నాడంటే గదిలోంచి బయటికి రాదు. నాన్న మొదలెట్టకపోయినా నాన్న నవ్వితే అందరికీ అనుమతి వచ్చేసినట్టే. నాన్న నవ్వకుండా "చదువుకునే పిల్ల, ఆ మాట వద్దు మావా" అని ఒక్కసారి అంటే మళ్లీ ఎవరూ ఎత్తరు.

ఇక భార్య. కూరలో ఉప్పు ఎక్కువైందని ఇద్దరే ఉన్నప్పుడు ఆటపట్టించినా పర్వాలేదు. చుట్టాలతో విస్తరి ముందు కూర్చుని అంటే, పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ముందు పదిమంది నవ్వినట్టు. పుట్టింటి వాళ్ల మీద వేసే జోకులు ఇంకా చెడ్డవి. పిల్లలు వాటిని ఎత్తుకుపోయి సెలవుల్లో అమ్మమ్మ ఇంట్లో అప్పజెబుతారు. "మా నాన్న మిమ్మల్ని ఇలా అంటాడు" అని ఆరేళ్ల గుంటడు అనేస్తే అక్కడ సర్దిచెప్పడానికి ఎవరూ ఉండరు.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది జోకుతో తప్పించుకోవడం. "డ్వాక్రా వాయిదా డబ్బు ఎప్పుడిస్తావ్?" అని అడిగితే "రిజర్వు బ్యాంకుని అడిగి చెబుతా" అని నవ్వేసి చొక్కా వేసుకుని బయటికి పోవడం. ఆవిడ అడిగింది తేదీ, మొత్తం. ముందు "శుక్రవారం, రెండువేలు" అనాలి. ఆ తరవాత రిజర్వు బ్యాంకు గురించి ఎంత చెప్పినా ఆవిడా నవ్వుతుంది. జవాబు లేని జోకు నాలుగుసార్లు అయ్యాక ఆ ఇంట్లో నాన్న ఏ జోకు వేసినా ఆవిడకి కోపమే వస్తుంది. పిల్లలు "అమ్మకి సరదా లేదు" అనుకుంటారు. ఆ నింద ఆవిడ మీద పడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

చీపురుపల్లి

అందరూ బాగా రాస్తున్నారు. కానీ ఇన్ని లెక్కలు చూసుకుని జోకు వెయ్యమంటే ఏ నాన్నకీ నోరు పెగలదు. పొలంలోంచో డ్యూటీ నుంచో అలిసి వచ్చినోడు వయసు చూడాలి, వినేవాళ్లని చూడాలి, ముందు జవాబు చెప్పాలి. దానికన్నా టీవీ పెట్టుకుని ఊరుకోవడం నయం అనుకుంటాడు. మాటకారి కాని నాన్నల సంగతేమిటి?

ఏడు రోడ్ల జంక్షన్

మీ ప్రశ్న సరైనదే. నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ మనుషుల మామూలు సంభాషణల్ని గమనించి చెప్పింది ఏమిటంటే, మనం నవ్వే నవ్వుల్లో ఎక్కువ భాగం జోకుల వెనక రావు, మామూలు మాటల వెనకే వస్తాయి. ఒంటరిగా ఉన్నప్పటి కన్నా నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాం. కాబట్టి మాటకారి కాని నాన్న జోకులు బట్టీ పట్టక్కర్లేదు. పిల్లలు నవ్వుతున్న చోట కూర్చోవాలి, వాళ్ల జోకుకి నవ్వాలి. ఏడేళ్ల పిల్ల చెప్పే జోకుకి తలా తోకా ఉండవు. చివరిదాకా విని నవ్వే నాన్న ఆ పిల్లకి చాలు.

లెక్కలన్నిటికీ మూలం ఒకటే ఉంది. ఇంట్లో నాన్నకి ఎదురు చెప్పగలిగేవాళ్లు తక్కువ. స్నేహితుడు స్నేహితుడి మీద వేస్తే అవతలివాడు తిరిగి వేస్తాడు, చెల్లుకి చెల్లు. నాన్న వేస్తే పిల్ల తిరిగి వెయ్యలేదు. ఒకవేళ వేస్తే "పెద్దంతరం చిన్నంతరం లేదేటి" అంటారు. అందుకే మీ ఇంట్లో హాస్యం ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక్కటి చూడండి. పిల్లలు నాన్న మీద జోకులేస్తున్నారా? నాన్న గురకని అనుకరించి చూపిస్తే నాన్న నవ్వుతున్నాడా? అవునంటే మిగతా వాటిల్లో కాస్త అటూ ఇటూ అయినా ఇల్లు తట్టుకుంటుంది. గౌరవం ఏమీ తగ్గదు. ఆ పిల్లలే నాన్న చెప్పిన మాట కూడా వింటారు.

గుమ్మెట మాస్టారు

మాటకారి కాని వాళ్లకి నాలుక తిరగని మాటలు ఉన్నాయి. "నల్ల లారీ తెల్ల లారీ" పదిసార్లు గబగబా అనమనండి, మూడోసారికే లారీ బోల్తా పడుతుంది. ముందు నాన్న అని తప్పాలి. కాస్త పెద్ద పిల్లలకి "లక్ష భక్ష్యములు భక్షించు లక్ష్మయ్యకు ఒక భక్ష్యము లక్ష్యమా". దీంట్లో ఒత్తులు సరిగ్గా పలకడం కూడా వస్తుంది. నత్తి ఉన్న పిల్ల ఉంటే ఈ ఆట వద్దు, పొడుపు కథలే వెయ్యండి.

కళింగపట్నం లైట్‌హౌస్

2003లో రాడ్ మార్టిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం హాస్యాన్ని కొలవడానికి 32 వాక్యాల ప్రశ్నావళి తయారుచేసింది. నాలుగు రకాలుగా విడదీశారు. నలుగుర్నీ కలిపేది, కష్టంలో తనకి తాను ధైర్యం చెప్పుకునేది, ఎదుటివాణ్ణి పొడిచేది, తనని తాను కించపరుచుకునేది. నాన్నలు మూడోదాన్ని గురించి కాస్త జాగ్రత్త పడతారు. నాలుగోది ఎవరూ పట్టించుకోరు. "మీ నాన్న ఎందుకూ పనికిరానోడు" అని రోజూ నవ్వుతూ చెప్పుకునే నాన్న పిల్లలకి భారం అవుతాడు. తనమీద వేసుకోవడం అంటే గురక మీద, బట్టతల మీద, సైకిలు మీద. తన విలువ మీద కాదు.

2024లో అమెరికాలో 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు 312 మందిని అడిగిన సర్వే ఒకటి వచ్చింది. పిల్లల పెంపకంలో హాస్యం పనికొస్తుందని 71.8 శాతం అన్నారు. చిన్న సర్వే, అక్కడి వాళ్లది. హాస్యం వల్లే బంధం బాగుందో, బంధం బాగుంది కాబట్టి హాస్యం గుర్తుందో దీంతో తేలదు.

భార్యాభర్తల మీద జాన్ గాట్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పని మాత్రం అప్ప రాసినదానికి దగ్గరగా ఉంది. గొడవ ముదురుతున్నప్పుడు ఒకరు చిన్న సరదా మాటతో చల్లార్చబోతే రెండోవాళ్లు అందుకునే జంటలు నిలుస్తాయంటాడు. ఈసడింపు మాత్రం కాపురాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేస్తుందంటాడు. అవే మాటలు, కళ్లు తిప్పి మూతి విరిచి అంటే ఈసడింపు.

భావనపాడు ఒడ్డు

ఊళ్లో లేని నాన్నల గురించి ఎవరూ రాయలేదు. మా తీరంలో సగం ఇళ్లు అవే. గుజరాత్‌లోని వెరావల్ రేవులో చేపల బోట్ల మీదకి ఆగస్టులో ఎక్కితే వేసవి దాకా రారు. సముద్రం మీద సిగ్నలు ఉండదు, రేవుకి వచ్చినప్పుడే ఫోను. ఆ పది నిమిషాల్లో "బాగున్నావా, తిన్నావా, చదువుతున్నావా" అయిపోయాక ఇద్దరికీ మాట ఉండదు. పిల్ల ఫోను అమ్మకిచ్చేస్తుంది.

పనిచేసే పద్ధతి ఇది. ఒక్కో ఫోనుకి ఒక్క పొడుపు కథ. జవాబు చెప్పకూడదు, మళ్లీ ఫోను వరకు ఉంచాలి. ఈలోగా ఇంట్లో అమ్మకి జవాబు ముందే చెప్పి ఉంచాలి, పిల్ల మరీ ఇబ్బంది పడితే ఒక గుర్తు ఇవ్వడానికి. మళ్లీ ఫోను వచ్చినప్పుడు "బాగున్నావా" కన్నా ముందు పిల్ల జవాబే అరుస్తుంది. సిగ్నలు బాగోనప్పుడు వీడియో వద్దు. మాట తెగి జోకు సగంలో ఆగిపోతుంది, రెండోసారి చెబితే నవ్వు రాదు. అరనిమిషం వాయిస్ మెసేజి పంపండి. పిల్ల దాన్నే పదిసార్లు వింటుంది.

అయిదేళ్లలోపు పిల్లకి ఒక కథలో ఒక్క పాత్ర నడిపించండి. బోటు మీద ఒక దొంగ పిల్లి ఉందనుకోండి. ఈ వారం చేప ఎత్తుకుపోయింది, వచ్చే వారం కెప్టెను చెప్పు ఎత్తుకుపోయింది. ఎప్పుడూ అదే పిల్లి ఉండాలి, పేరు మార్చకూడదు. మారిస్తే పిల్ల పట్టేస్తుంది.

ఇంటికి వచ్చాక కూడా ఒక సంగతి ఉంది. ఏడెనిమిది నెలల తరవాత వచ్చిన నాన్న మొదటిరోజే కితకితలు పెట్టి, ఎత్తుకుని తిప్పేస్తాడు. మూడేళ్ల పిల్లకి ఆయన కొత్తమనిషి. మొదటి రెండు మూడు రోజులు దూరంగా కూర్చుని, ఫోన్లో చెప్పిన పిల్లి కథే ఎత్తుకోవాలి. గొంతుని బట్టి పిల్ల గుర్తుపట్టి తనే దగ్గరికి వస్తుంది.

తోటపల్లి కాలువ

కితకితల మాట వచ్చింది కాబట్టి. కితకితలకి వచ్చే నవ్వు ఆపుకోలేనిది, అందుకని పిల్లకి ఇష్టమేనని చెప్పలేం. "చాలు" అన్న మాటకి చెయ్యి వెంటనే తీసెయ్యాలి. తీసేస్తే పిల్ల చాలాసార్లు "మళ్లీ" అంటుంది. "చాలు" అంటే ఆగుతుందని ఇంట్లో తెలిసిన పిల్ల బయట కూడా ఆ మాట గట్టిగా అనగలదు. మాటలు రాని పిల్లయితే అయిదు సెకన్లు చేసి ఆగండి, మీ చెయ్యి తను లాక్కుంటేనే మళ్లీ.

ఉద్దానం సిస్టర్

ఒంట్లో బాగోలేని నాన్నల గురించి రెండు ముక్కలు. కిడ్నీలు పాడైనవాళ్లకి రక్తం శుభ్రం చేసే డయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ మంచం మీద జోకులేసే నాన్నలు చాలామంది ఉంటారు. అది ఆయన బలం, ఆపకండి. కానీ జబ్బు మీద జోకు ఆయనే వెయ్యాలి, మిగతావాళ్లు మొదలుపెట్టకూడదు. రెండోది, ఆయాసం వచ్చినా కాళ్లు వాచినా సరదా మాటతో దాచేస్తారు, ఇంట్లోవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. నవ్వండి, నవ్వుతూనే బరువు తూచండి. డాక్టరు చెప్పిన దానికన్నా బరువు పెరిగితే అదే రోజు ఆసుపత్రికి చెప్పాలి. ఇంట్లో పదేళ్ల పిల్ల ఉంటే నాన్న నవ్వుతున్నాడని జబ్బు లేదనుకుంటుంది. ఉన్న సంగతి చెప్పి, ఆ తరవాత కలిసి నవ్వితే దానికి భయం తగ్గుతుంది.

గంటస్తంభం

ఒక జోకు గుచ్చుకుందని తెలిసిపోయింది అనుకోండి. అప్పుడేం చెయ్యాలి? గుచ్చుకుందని ఎలా పట్టుకోవాలి?

అరసవల్లి అప్ప

పట్టుకోవడం కష్టం కాదు. పిల్ల నవ్వే ముందు చుట్టూ చూస్తుంది, అందరూ నవ్వుతున్నారా అని. పెదాలు నవ్వుతాయి, భుజాలు బిగుసుకుంటాయి. అదే జోకు రెండోసారి వచ్చినప్పుడు మంచినీళ్ల వంకతో లేచి వెళ్తుంది.

సర్దుకోవడానికి "సరదాకన్నాను" అనకండి. ఆ మాటతో తప్పు పిల్లదైపోతుంది. "అంత చిన్నదానికే?" అంటే ఇంకా. "ఆ మాట అనకూడదు, నాదే తప్పు, ఇంక అనను" అని మూడు ముక్కల్లో తేల్చెయ్యాలి. పదిమంది ముందు అన్నదైతే ఆ పదిమంది ఉన్నప్పుడే అనాలి. విడిగా గదిలోకి పిలిచి చెబితే ఆ పదిమందికి జోకు అలాగే మిగిలిపోతుంది, మళ్లీ వాడతారు. చెప్పాక వెంటనే నవ్వించడానికి ప్రయత్నించకండి. ఆ పూట ఊరుకోండి. పిల్ల తనంతట తను ఏదైనా సరదా మాట అంటే దారి తెరుచుకుంది అనుకోవాలి.

తాగి వచ్చినప్పటి జోకులకి ఇవేవీ పనిచెయ్యవు. ఆ రాత్రి నవ్విన మనిషి తరవాత ఎలా మారతాడో పిల్లలకి తెలియదు, నవ్వుతూనే భయపడతారు. ఆ స్థితిలో పిల్లల్ని పిలిచి నవ్వించకుండా పడుకోవడమే మేలు.

చీపురుపల్లి

ఒప్పుకుంటున్నాను, వివరం బాగుంది. ఇక దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర. ముందురోజు తొలేళ్లకే చుట్టాలు దిగిపోతారు. ఇరవైమంది ఉన్న ఇంట్లో బాబాయిలు, మావలు పిల్లల్ని ఆటపట్టించకుండా నాన్న ఎలా ఆపుతాడు? గట్టిగా అంటే పండగ పాడవుతుంది.

అరసవల్లి అప్ప

గట్టిగా అనక్కర్లేదు. చుట్టాలు రాకముందే పిల్లతో ఒక గుర్తు మాట్లాడుకోండి. చెవి పట్టుకుందంటే "నాన్నా, ఈ మాట మార్చు" అని. అది చూడగానే నాన్న మధ్యలో దూరి మాట తనమీదకి లాక్కోవాలి. "దాని సంగతి సరే మావా, నా పెళ్లిలో నువ్వు తప్పిపోయిన కథ చెప్పు" అంటే మావ ఆ కథలో పడిపోతాడు. రెండోసారి అదే మాట ఎత్తితే పక్కకి తీసుకెళ్లి, నవ్వకుండా, ఒక్క వాక్యం. నాన్న మొహంలో నవ్వు లేకపోతే ఎంతటి మావకైనా అర్థమవుతుంది.

గుమ్మెట మాస్టారు

ఇంకో ఉపాయం. పండగ రోజు భోజనాలయ్యాక పిల్లలందరినీ ఒక వైపు, పెద్దల్ని ఒక వైపు కూర్చోబెట్టి పొడుపు కథల పోటీ పెట్టండి. పిల్లలే అడగాలి, పెద్దలే చెప్పాలి. చెప్పలేని పెద్ద లేచి నిలబడాలి. ముందురోజు రాత్రి నాన్న పిల్లలకి ఓ ఎనిమిది కథలు రహస్యంగా నేర్పి ఉంచాలి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" లాంటి తెలిసినవి రెండు ముందు పెట్టండి, పెద్దలకి ధైర్యం వస్తుంది. కష్టమైనవి తరవాత. మొదట లేచి నిలబడేది నాన్నే అయ్యేటట్టు చూసుకోండి.

గంటస్తంభం

ఎనిమిదీ దొరికితే ఇక్కడే పెట్టండి మాస్టారూ. కనురెప్పలది ఒకటి రాసుకున్నా, ఇంక ఏడు కావాలి.